పచ్చాకు ముద్ర

బాయిలరు గొట్టం వెంట థర్మల్ కెమెరా తిప్పుకుంటూ ఆడిటరు నెమ్మదిగా నడుస్తున్నాడు. తొడుగు ఊడిపోయి వేడి బయటికి పోతున్న చోటల్లా తెర మీద ఎర్రగా మండుతోంది. అదే గొట్టం, అదే వంపు, అదే ఊడిన తొడుగు. ఆరేళ్ళ కిందట రాశాడు, మూడేళ్ళ కిందట రాశాడు. తను రాసింది ఎవరూ చదవరని తెలుసు గనక పాత వాక్యాన్నే ట్యాబ్‌లో మళ్ళీ అతికించాడు. యాప్ దానికి ఒక టిక్కు పెట్టి, భేష్ అన్నట్టు చిన్న పచ్చాకును మెరిపించింది.

"మురిసిపో," అన్నాడు దానితో.

యాభై ఏడేళ్ళ మనిషి. మీటర్ల మీదికి వంగి వంగి మెడ ముందుకు సాగింది. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో షాకు కొట్టి నల్లబడి అలాగే ఉండిపోయింది. కంపెనీలు కరెంటూ ఆవిరీ ఎక్కడ వృథా చేస్తున్నాయో వెతికి చెప్పడం అతని ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళుగా వెతికాడు, చెప్పాడు. వృథా చేసేవాళ్ళంటే అసహ్యం. చెప్పించుకుని తలూపేవాళ్ళంటే ఇంకా అసహ్యం. నాలుగైదేళ్ళుగా వచ్చిపడ్డ యాప్ అంటే చెప్పనే అక్కర్లేదు. అది అన్నీ తనే కొలిచి, తనే కూడి, తనే మెచ్చుకుంటుంది.

ఇంట్లో అతని వెనక నడిచేవాళ్ళు గోడలు తడుముకోవాలి, గది దాటీ దాటకముందే లైటు ఆపేస్తాడు. ఒకరోజు భోజనం దగ్గర భార్య, గొంతు పెంచకుండానే, "మా మీద తప్ప ఇంకెక్కడా మీ స్విచ్చి పనిచెయ్యదు కదండీ," అంది. ఆ పూట సగం కంచంలో లేచాడు. ఆమె ఆపలేదు.

ఈ ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు చేస్తారు. పెట్టె మీద పచ్చాకు ముద్ర వేసుకునే హక్కు ఉంది వీళ్ళకి. కరెంటు పొదుపు చేసే కంపెనీ అని ఆ ముద్రకు అర్థం. మూడేళ్ళకోసారి ఆడిటరు వచ్చి సంతకం చేస్తే ముద్ర నిలుస్తుంది. మేనేజరు అతన్ని పెద్ద హాల్లోకి తీసుకెళ్ళి, గోడంత తెర ముందు నిలబెట్టాడు. నున్నటి బుగ్గలవాడు. ఇంతవరకు ఏ యంత్రాన్నీ ముట్టుకోనట్టు ఉన్నాయి చేతులు.

"కరెంటు వాడకం ఇరవై రెండు శాతం తగ్గించాం సార్. మీరు ఊరికే చూసి వెళ్ళిపోవడమే. సెన్సర్లే చెప్పేస్తాయి."

"పైన పటారం," అన్నాడు ఆడిటరు.

"ఏంటి సార్?"

"ఏం లేదు. కంప్రెసర్ల గది ఎటు?"

గదిలో రెండు కంప్రెసర్లూ చెవులు పగిలేలా మోగుతున్నాయి. ట్యాబ్‌లో మాత్రం రెండోదాని వాడకం సున్నా. ఆడిటరు మోటారు మీద చెయ్యి ఆనించాడు, కాలితే తీసేశాడు. మళ్ళీ ట్యాబ్ చూశాడు. సున్నాయే. దానికీ ఒక ఆకు.

గోడకున్న మీటరు పెట్టె దగ్గరికి వెళ్ళాడు. తలుపు అంచున కాగితం సీలు అతికించి ఉంది. తారీఖు మూడేళ్ళ కిందటిది. సంతకం తనది. సీలు చెక్కుచెదరలేదు, అంటే అప్పట్నుంచి ఈ తలుపు ఎవరూ తెరవలేదు. గోటితో చింపి తెరిచాడు. కరెంటు కొలవడానికి కేబులు చుట్టూ ఉండాల్సిన సెన్సరు కడియం పక్కన గాలిలో వేలాడుతోంది. దాని మీద దుమ్ము దళసరిగా పేరుకుంది.

వెనక నిలబడ్డ ముసలి ఎలక్ట్రీషియన్ గొంతు సవరించుకున్నాడు. "మోటారు రిపేరుకని నేనే విప్పాను సార్. మళ్ళీ పెట్టబోతే పైవాళ్ళు వద్దన్నారు."

"నేను సీలు వెయ్యకముందేనా?"

"ముందే సార్. మీరు తలుపు తియ్యలేదు. బయటినుంచే అంటించేశారు. నేను ఇక్కడే ఉన్నాను."

గుర్తొచ్చింది. ఆ రోజు ఉక్కపోత. అది ఆఖరి గది. భోజనానికి లేటవుతోందని ఎవరో అన్నారు. తెర మీద సున్నా చూసి, మోటారు ఆగి ఉందేమో అనుకుని, చప్పుడు వినబడుతుండగానే అలా అనుకుని, కాగితం అంటించి సంతకం గీకాడు. చీమిడి తుడుచుకున్నంత సేపు పట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరి మీదా ఉమ్మిన ఉమ్ము ఇప్పుడు తన మొహం మీదే పడ్డట్టయింది. ఎలక్ట్రీషియన్ వైపు చూడలేకపోయాడు.

జేబురుమాలుతో దుమ్ము తుడిచాడు. కడియాన్ని కేబులు చుట్టూ తిప్పి నొక్కాడు. టక్కుమంది.

రెండు నిమిషాల్లో మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశారు సార్? హాల్లో ఆకు పోయింది. అంతా ఎర్రగా వస్తోంది."

"మూడేళ్ళ కిందట చెయ్యాల్సింది చేశాను."

"ముద్ర లేకపోతే మా పెట్టెలు ఎవరూ కొనరు. ఇంతమంది పొట్ట కొడతారా?"

"గొట్టాలకి తొడుగులు వేయించండి. గాలి కారే చోట్లు మూయించండి. నిజంగానే తగ్గుతుంది. తగ్గాక పిలవండి, ఎవరో ఒకరు వస్తారు."

గేటు దగ్గర కాపలావాడి బల్ల మీద ట్యాబ్ పెట్టుకుని, యాప్ రాసిపెట్టిన నలభై పేజీల రిపోర్టంతా చెరిపేశాడు. రెండే వాక్యాలు టైపు చేశాడు. గత ధ్రువపత్రం తప్పు. మీటరు పెట్టె తెరవకుండా సీలు వేసింది నేనే. పంపే బటన్ మీద వేలు కాసేపు ఆగింది. తర్వాత నొక్కాడు.

తను పనిచేసే ఆడిట్ ఆఫీసుకు చేరేసరికి నాలుగు దాటింది. అద్దాల గదిలో యజమాని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఒకప్పుడు ఆడిటరు వెనక మీటర్ల సంచి మోసినవాడు.

"ఆ రెండో వాక్యం తీసేయండి గురువుగారూ. మొదటిది కూడా తీసేస్తే ఇంకా మంచిది. సాఫ్ట్‌వేర్ తప్పని రాసేద్దాం. దాన్నెవడూ జైల్లో పెట్టడు."

"సాఫ్ట్‌వేరు సీలు వెయ్యలేదు."

"మీ లైసెన్సు పోతుంది. అది తెలుసా? ఇంకో మూడేళ్ళలో రిటైరయ్యేవారు."

"తెలుసు."

"మనకి కంపెనీలు పని ఇవ్వడం మానేస్తాయి. నన్నేం చెయ్యమంటారు?"

"నన్ను తీసెయ్. ఆ రిపోర్టు మాత్రం ఉంటుంది."

యజమాని అతని మొహంలోకి చూశాడు. తను ఎరిగిన మనిషి అందులో కనపడలేదో ఏమో, కుర్చీలో కూలబడ్డాడు. ఆడిటరు ట్యాబ్, కెమెరా, మెడలో కార్డు బల్ల మీద వరసగా పెట్టాడు. ఛార్జరు మరిచిపోయానని వెనక్కి వచ్చి అదీ పెట్టాడు.

హాల్లో ఏడుగురు చెవుల్లో పాటలు పెట్టుకుని పనిచేస్తున్నారు. ఎవరూ తలెత్తలేదు. ఒకమ్మాయి మాత్రం, దారికి అడ్డంగా ఉన్న కుర్చీని ముందుకు లాక్కుని, "వెళ్తున్నారా బాబాయ్? రేపు బాయిలరు లెక్కలు చెప్తానన్నారు," అంది.

"నువ్వే చేసెయ్యి. తలుపులు తీసి చూడు," అని మెట్లు దిగిపోయాడు.

పొదుపు నేర్పే ఆ ఆఫీసులో ఏసీ ఏడాది పొడవునా పద్దెనిమిది మీదే ఉంటుంది. కిటికీ పక్కన అతని కుర్చీ వీపుకి బూడిదరంగు ఉన్ని స్వెటరు ఇంకా వేలాడుతోంది. మోచేతుల దగ్గర అరిగిన చోట ఇంట్లో ఎవరో ఓపిగ్గా, రంగు కలవని దారంతో, దగ్గర దగ్గరగా కుట్లు వేశారు.