పామాయిల్ తోటలో ఎర్ర సంచి

జంగారెడ్డిగూడెం దాటాక ఆ పామాయిల్ తోటలో పగలు కూడా ఆకుపచ్చ నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుంటుంది. బోటనీ చదివే ఇంద్రజ నిన్న ఇక్కడే, కుళ్ళిన మట్టల మధ్య, ఎర్రటి పుట్టగొడుగునొకదాన్ని చూసింది. గొడుగు విప్పుకోని చిన్న సంచి అది. లోపల పొడి ఉంటే ఒక కుటుంబం, పుట్టగొడుగు అడుగున ఉండేలాంటి రేకులుంటే గొడుగుల కుటుంబం. ఫోటో పంపితే, పొడే ఉంటుందని కాలేజీలో సారు తేల్చేశాడు. ఫోటో చూసి తేల్చేయడానికి అదేమైనా పెళ్ళి సంబంధమా? కోసి చూద్దామని ఇవాళ చాకుతో వచ్చింది. అది అక్కడ లేదు.

"సారికక్కా, ఇక్కడ ఎర్రగా ఒకటుండాలి, చూశావా?"

గెలల నుంచి రాలిన పళ్ళు ఏరుతున్న సారిక నవ్వింది. "పొద్దున్నుంచీ నేనేరినవన్నీ ఎర్రవేనండి మేడంగారూ! పండనుకుని గోతాంలో వేసేసుంటాను."

ఇంద్రజ గోతాం దగ్గరికి పరుగెత్తింది. ఇద్దరూ గోతాం బోర్లించి, ఒక్కో పండునూ నొక్కి చూస్తూ కూర్చున్నారు. ఆ ఎరుపులో చేతులు ఈదుతుంటే ఊరూ, కాలేజీ, సారూ ఎక్కడో దూరంగా కరిగిపోయాయి.

"ఇదిగోనండి, మెత్తగా ఉంది! పండుకన్నా సోకుగా ఉందే దొంగముండ!"

ఇంద్రజకు చాకు పెట్టబుద్ధి కాలేదు.

"ముద్దు చేయడానికొచ్చారా ఏంటి? కొయ్యండి!"

కోసింది. లోపల పొడి లేదు. ఎన్నడూ వెలుగు చూడని రేకులు, చీర కుచ్చిళ్ళలా మడతలు పడి ఉన్నాయి.

"గొడుగు కుటుంబమేనక్కా," అంది ఇంద్రజ గుసగుసగా.

గెలలు తీసుకెళ్ళడానికొచ్చిన ట్రాక్టరు హారన్ కొడుతూనే ఉంది. ఇద్దరూ లేవలేదు.