మల్లేశ్వరి బండిలో దగ్గు

ఆ మిరప సీజనులో మల్లేశ్వరి బండి ఎక్కి దగ్గకుండా దిగినవాళ్ళు ఒక్కరూ లేరు. బండంటే పాత వ్యాను. అద్దంకి దగ్గర పల్లె నుంచి పొద్దున్నే ఆడకూలీలను ఎక్కించుకుని, మిరపకాయల తొడిమలు తీసే షెడ్డు దగ్గర దించడం, పొద్దుగూకేవేళ మళ్ళీ ఇళ్ళకు చేర్చడం ఆమె పని. ఊరి పొలిమేర దాటేలోపు ఒకరు ఖళ్ళుమనేవారు. ఆ వెనకే ఇంకొకరు. షెడ్డు వచ్చేసరికి బండి మొత్తం దగ్గేది. కళ్ళు మండేవి, తలలు దిమ్మెక్కేవి.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. మిరప పండే చోట దగ్గును పట్టించుకునేదెవరు? పోపు వేస్తే దగ్గు, కల్లంలో అడుగుపెడితే దగ్గు, బస్సులో పక్కవాడు గోతాం కదిపితే దగ్గు. ఎవరు దగ్గినా నేరం కాయ మీదకు నెట్టేసి పనిలో పడిపోవడం ఆ నేల మీద అందరికీ అలవాటే.

"ఎక్కేముందు ఆ చీరలు దులుపుకోండే తల్లీ! షెడ్డులో ఉన్న కారం దుమ్మంతా నా బండిలోకే మోసుకొస్తున్నారు" అని మల్లేశ్వరి రోజూ అరిచేది.

తప్పు కూలీల చీరలదని తేల్చేయడం ఎంత సులువో చూడండి. ఆ మాటే ఏ మగ డ్రైవరో అని ఉంటే మల్లేశ్వరి వాడి చొక్కా పట్టుకునేది. తన బండి దాకా వచ్చేసరికి తనూ అదే కూత కూసింది.

ఒకరోజు అఖిల బండిలోనే వాంతి చేసుకుంది. నిన్నగాక మొన్న పనిలోకి వచ్చిన పిల్ల, పాలిపోయి సీటు మీద వాలిపోయింది. దిగాక శివపార్వతి కొంగు నడుముకు దోపుకుని మల్లేశ్వరి ముందుకొచ్చి నిలబడింది. కూలీలందరికీ ఆమే పెద్ద, ఆమె మాటే మాట.

"ఇంక మావల్ల కాదమ్మాయ్. నాగేంద్రబాబు ఆటోకి మాట్లాడుకుంటాం. కనీసం గాలన్నా తగులుద్ది."

ఒకప్పుడు మల్లేశ్వరి కూడా అదే షెడ్డులో గోనెపట్టా మీద గొంతుక్కూర్చుని తొడిమలు తీసిన మనిషి. ఆ మంట రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు కూడా వేళ్ళను వదిలేది కాదు. స్టీరింగు పట్టాకే ఆ మంట వదిలింది. ఇప్పుడీ గుంపు దిగిపోతే బండి అమ్ముకోవాలి, మళ్ళీ ఆ పట్టా మీదే కూర్చోవాలి.

"నా బండికి ఏ రోగం లేదత్తా. అంతా కారమే! కావాలంటే పందెం. ఆదివారం అమరావతి పోదాం. అందరూ తలకి పోసుకుని, ఉతికిన చీరలు కట్టుకుని రండి. బండి నేను కడుగుతా. ఒక్క మిరప గింజ ఉండదు. అప్పుడు కూడా దగ్గితే, నేనే దగ్గరుండి మిమ్మల్ని ఆటో ఎక్కిస్తా."

"మాట మీద నిలబడతావా?"

"అమరేశ్వరుడి మీద ఒట్టు."

ఆదివారం పొద్దున బండి తళతళలాడింది. సీట్ల సందుల్లో టూత్ బ్రష్షు పెట్టి మరీ తోమింది మల్లేశ్వరి. ఆడవాళ్ళు కుంకుడుకాయ వాసనతో, తడి జుట్లతో ఎక్కారు. చలిగాలికి అద్దాలు మూసుకున్నారు. నవ్వులు, పాటలు, పులిహోర డబ్బాలు. పెళ్ళికి పోతున్నట్టుంది.

నర్సరావుపేట ఇంకా రాకముందే అఖిల ఖళ్ళుమంది.

"పొలమారింది, అంతే" అంది మల్లేశ్వరి, ఎవరూ అడక్కముందే.

"ఏం తిన్నాననీ పొలమారడానికి?" అంది అఖిల.

తర్వాత శివపార్వతి దగ్గింది. ఆపుకోవాలని చూసి పక్కావిడ ఇంకా గట్టిగా దగ్గింది. ఆఖరికి మల్లేశ్వరికే గొంతులో గరగర మొదలైంది. పళ్ళు బిగించింది, మింగింది, లాభం లేకపోయింది. స్టీరింగు మీదకు వంగి మరీ దగ్గింది.

వెనక నుంచి శివపార్వతి తాపీగా అంది. "చీర దులుపుకో మల్లేశ్వరీ."

బండంతా గొల్లుమంది. నవ్వలేదు మల్లేశ్వరి. అద్దాలన్నీ దించమంది. నర్సరావుపేట దాటాక రోడ్డు పక్క రేకుల షెడ్డు కనిపిస్తే బండి అందులోకి తిప్పేసింది.

మెకానిక్ ఏసుబాబు చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. నంబరు ప్లేటు కూడా చూడకుండా, బండి అద్దంకి వైపు నుంచి వచ్చిందనగానే తేల్చేశాడు.

"ఎయిర్ ఫిల్టర్లో కారం దుమ్ము పట్టుంటదక్కా. మీ వైపు బళ్ళన్నిటికీ ఇదే జబ్బు."

"కారం అనే మాట ఇంకోసారి ఎత్తితే ఆ పానాతోనే కొడతా నిన్ను" అంది మల్లేశ్వరి.

ఫిల్టర్ విప్పి చూశాడు. శుభ్రంగా ఉంది. ఏసుబాబు కాసేపు చెవి గోక్కున్నాడు.

"ఎత్తు ఎక్కేటప్పుడు లాగుతోందా?"

"లాగట్లేదు. వంతెన ఎక్కాలంటే ఆయాసపడుద్ది. జనం ఎక్కువై అనుకున్నా."

"అన్నీ నువ్వే అనుకుంటే నేనెందుకక్కా? బండి స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఇటు రా."

తడి గుడ్డ ఉండచుట్టి పొగ గొట్టం మూతికి అదిమి పట్టాడు. "మంచి బండైతే ఊపిరాడక ఇంజిన్ ఆగిపోవాలి. ఆగిందా?"

ఆగలేదు. పైగా సీట్ల కింద ఎక్కడో బుస్సుమని చప్పుడు మొదలైంది.

"ఇన్నావా? పొగ వెనక నుంచి పోవాల. నీ బండిలో మనుషుల కాళ్ళ కింద నుంచి పోతంది."

బండి జాకీ మీద లేపి, కింద దిమ్మలు పెట్టాడు. మల్లేశ్వరి చీర కుచ్చిళ్ళు దోపుకుని అతనితోపాటే కిందకు దూరింది. గొట్టం నడిమి భాగం మోచెయ్యిలా పైకి వంగి, నొక్కేసిన సత్తుగిన్నెలా చప్పిడిగా ఉంది. పొగ పోవడానికి దారి లేక వెనక్కి తన్ని, జాయింటు దగ్గర పగలదీసుకుంది.

"దేన్నో గట్టిగా గుద్దావక్కా. ఇదిగో, ఈ తెల్లటిదేంది?"

మల్లేశ్వరి వేలితో గీకింది. సున్నం. ఆమెకు వెంటనే అర్థమైంది. పైకి వచ్చి శివపార్వతి ఎదురుగా నిలబడింది.

"అత్తా, రోడ్డు మీద మీరు ఎండబోసిన మిరపకాయ చుట్టూ పేర్చిన రాళ్ళకి సున్నం కొట్టిందెవరు?"

"మా ఆయనే, మీ మావ అంకారావు. బళ్ళోళ్ళకి కనపడాలని కొట్టాడు. ఏం, నీకు కనపడలేదా?"

"కనపడింది. అటు చూస్తే కాయ, ఇటు చూస్తే రాయి. ఎదురుగా లారీ. కాయ తొక్కితే నువ్వు ఊరుకుంటావా?"

"కాయ తొక్కితే కళ్ళు పోతాయే!"

"అందుకే రాయి ఎక్కించా."

ఎవరిని తిట్టాలో ఇద్దరికీ తోచలేదు. నేను చెప్తా ఎవరిని తిట్టాలో. కాయ కొనడానికి యార్డులు కడతారు, దాచడానికి కోల్డ్ స్టోరేజీలు కడతారు. ఎండబెట్టుకోవడానికి ఊరికో సిమెంటు కల్లం కట్టమంటే మాత్రం ఎవడికీ వినపడదు. ఇంక రైతు రోడ్డు మీద కాక నెత్తి మీద ఎండబెట్టుకుంటాడా?

ఏసుబాబు గొట్టం విప్పుతూ కింద నుంచే అన్నాడు. "నవ్వులాట కాదమ్మా. ఈ పొగలో వాసన తెలవని విషం కూడా ఉంటది. అద్దాలు మూసుకుని, ఇంజిన్ ఆపకుండా ఒక కునుకు తీసుంటే మళ్ళీ లేచేవాళ్ళు కాదు."

మల్లేశ్వరి అఖిల వైపు చూసింది. ఆ రోజు సీటు మీద వాలిపోయిన ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది.

"మిమ్మల్ని చీరలు దులుపుకోమన్నాను. పొగ నాది" అంది. "పందెం ఓడిపోయా. నాగేంద్రబాబుకి ఫోన్ చెయ్యత్తా."

"ఆగవే. ముందు ఆ గొట్టం సంగతి చూడనీ."

ఏసుబాబు గొట్టం వంగినచోట గ్యాసు మంటతో ఎర్రగా కాల్చాడు. కోసుగా ఉన్న ఇనప కడ్డీ లోపలికి దిగ్గొట్టి, చప్పిడి భాగాన్ని మెల్లగా విచ్చదీశాడు. రైలుపట్టా ముక్క మీద పెట్టి సుత్తితో సరిచేశాడు. పగులుకు వెల్డింగు, పొగ కారకుండా జాయింటుకు కొత్త గాస్కెట్, గొట్టం వేలాడటానికి కొత్త రబ్బర్లు. అంతసేపూ ఆడవాళ్ళు చుట్టూ చేరి పులిహోర తింటూ అతనికి సలహాలిచ్చారు. "ఇంకో దెబ్బ వెయ్యి బాబూ, అటు, అటు!" అతను దండం పెట్టినా ఆపలేదు.

బిగించాక జాయింటు మీద సబ్బు నురగ రాశాడు. ఇంజిన్ తిరుగుతున్నా ఒక్క బుడగ లేవలేదు. మళ్ళీ తడి గుడ్డ అదిమాడు. ఇంజిన్ గుడగుడలాడి ఆగిపోయింది.

మల్లేశ్వరి ఒక్కతే బండిలో కూర్చుని తలుపు వేసుకోబోయింది. "నేను ముందు తిప్పుకొస్తా. మీరిక్కడే ఉండండి."

"నువ్వొక్కదానివే తేల్చేదేందే?" అంటూ శివపార్వతి పక్క సీట్లో కూలబడింది. మిగతావాళ్ళు తోసుకుంటూ వెనక ఎక్కారు.

సత్తెనపల్లి మీదుగా పోతున్నారు. పత్తి చేలు అటూ ఇటూ వెనక్కి పరిగెడుతున్నాయి. అద్దాలు మూసే ఉన్నాయి. అందరూ ఎవరు దగ్గుతారా అని పక్కవాళ్ళ గొంతుల వైపే చూస్తున్నారు. వంతెన వచ్చింది. బండి ఆయాసం లేకుండా ఎక్కి దిగింది.

శివపార్వతి ఫోను మోగింది. నాగేంద్రబాబు. స్పీకరు పెట్టింది.

"పార్వతక్కా, రేపు పొద్దున ఎన్నింటికి రమ్మంటావ్?"

ఆమె వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూసింది. ఒక్కరూ దగ్గలేదు. అఖిల తల అడ్డంగా ఊపింది.

"రావద్దులే బాబూ. ఇంతకీ నీ ఆటో కిందకి ఎప్పుడన్నా వంగి చూశావా?"

"లేదక్కా. ఏం?"

"ఊరికే అడిగా. చూసుకో" అని పెట్టేసింది.

శివపార్వతి రోడ్డు వైపే చూస్తూ అంది. "రోజూ మేం ఎక్కేముందు ఆ గుడ్డ పెట్టి, ఇంజిన్ ఆగేది మా కళ్ళకి చూపించాల. చూపించకపోతే ఎక్కం."

"చూపిస్తా. మరి మావ రాళ్ళు?"

"అవి అక్కడే ఉంటయ్. కాయ ఎండొద్దూ?"

"ఎదురుగా లారీ వస్తే?"

"బండి ఆపు" అంది శివపార్వతి. "నేనే దిగి జరుపుతాలే."