ముత్యాల రాణి కనుబొమలు

మార్గశిర మాసారంభమున హేమంత హిమానీ ధూసరితమైన యొకానొక ప్రభాతమున తెనాలి పట్టణముపై సూర్యుడుదయించెనో లేదో యెవరికిని నిశ్చయముగ తెలియకుండెను. ఊరి నడుమ పారు కాలువల మీద దట్టముగ పరచుకొన్న మంచు వంతెనల కమ్మీలను చెట్ల కొమ్మలను ఇంటి కప్పులను క్రమక్రమముగ మ్రింగుచు పాలవారి సైకిలు గంటలను మాత్రము వినిపించి వారి యాకారములను దాచుచుండెను. ఆ మసక వెలుగున ఒక సందులోని రెండు గదుల పెంకుటింట గోడకు వ్రేలాడు చిన్న అద్దము నెదుట ముక్కాలిపీటపై కూర్చుండి, అరువదియొక్క వత్సరముల ప్రాయమువాడయ్యు సన్నని నడుమును నున్నని చెక్కిళ్లను పోగొట్టుకొనని పానకాలు, తన కన్నులపైన విధాత యొకప్పుడు వ్రాసి పిదప తుడిచివేసిన స్థలమును వ్రేలితో తడవి చూచుకొనుచుండెను. అచ్చట కనుబొమలు లేవు.

పుట్టుకతో లేకపోలేదు సుమా! పదునైదవ యేట నొక పద్యనాటక సమాజమున చేరిన నాడు సమాజాధిపతి వాని గడ్డము పట్టి దీపమువైపు త్రిప్పి చూచి “మొహం అచ్చం ఆడపిల్లదే, బొమ్మలే మగవి” అని నిట్టూర్చి మంగలికత్తి తెప్పించెను. నాటి నుండి ప్రతి ప్రదర్శనమునకు ముందు క్షౌరము. కొన్ని యేండ్లకు క్షౌరమునకు మారుగ పట్కారుతో మూలచ్ఛేదము. నలువదియైదు సంవత్సరములు పెరికిన చోట మరల మొలచుటకు అదేమి గరికయా? ఆ శూన్యస్థలమున కాటుకపుల్లతో గీసిన ధనురాకార భ్రూరేఖతో, నాసికాగ్రమున ముత్యాల బులాకీతో, పుత్రశోకవిహ్వలయైన మహారాణి వేషమున అతడు రంగము ప్రవేశించి మృతబాలుని వంక చూచుచు ఒక్క కనుబొమను మాత్రము మెల్లగ పైకెత్తునప్పుడు వేలకొలది జనము నిండిన పందిరి చీమ చిటుక్కుమన్న వినబడునట్లు స్తంభించి మరునిమిషమున వెక్కి వెక్కి యేడ్చుచుండెను. ఊరూర వానిని ముత్యాల రాణి యనిరే కాని పానకాలు అను పేరొకటి కలదని యెరిగినవారు అరుదు. గోడపత్రికలమీదను ఆ బిరుదమే యుండెడిది.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలందురు. పానకాలు రచ్చ గెలిచి యింట నోడెను. అతని యేకైక పుత్రుడు చక్రధరుడు ఏడవ తరగతి చదువుచున్న నాడొకసారి మరచిపోయిన అన్నపు గిన్నెను తీసికొని తండ్రి బడికి పోగా తోటిపిల్లలు చుట్టు మూగి “ఒరేయ్, మీ అమ్మొచ్చిందిరోయ్!” అని చప్పట్లు చరచిరి. పిల్లవాడా దినమున అన్నము ముట్టలేదు. మరియెన్నడును తండ్రిని బడి ఛాయలకు రానీయలేదు. తండ్రియనిన ప్రేమ లేక కాదు. ప్రేమయు సిగ్గును ఒక్క కుండలోనే యుడికిన కూడు అది. వేరుచేసి తినుట యెవరి తరము?

ఇప్పుడా చక్రధరుడు విశాఖపట్టణమున ఉద్యోగి. బొబ్బిలి కన్యతో వివాహము నిశ్చయమయ్యెను. పెండ్లిచూపులకు తండ్రి పోలేదు, జ్వరమని చెప్పిరి. పూర్వము పొగాకు కంపెనీలో గుమాస్తాగ నుండెనని కూడ చెప్పిరి. మాఘమాసమున పగటి ముహూర్తము నిర్ణయమై లగ్నపత్రికతో క్రిందటి సాయంత్రము ఇంటికి వచ్చిన చక్రధరుడు తండ్రి ముఖము చూడజాలక గడపను చూచుచు నిట్లనెను.

“నాన్నా, తప్పుగా అనుకోకు. పీటల మీద కూర్చుంటే వీడియో వాళ్లు లైటు తిన్నగా మొహం మీదే కొడతారు. బొమ్మల్లేకుండా చూస్తే వాళ్లవాళ్లు అడగరా? ఏమని చెప్పను? ఇప్పుడు కనుబొమ్మలు పెట్టే పద్ధతులున్నయ్యి, పెట్టించుకో. లేకపోతే…”

“లేకపోతే?”

“మావయ్యా అత్తయ్యా కూర్చుంటారు.”

పొయ్యి యొద్ద నున్న వజ్రమ్మ, పానకాలు భార్య, తన అన్నావదినల మాట విని అట్ల కాడను క్రింద పెట్టెను. పీటలపై కూర్చుండుట దంపతుల ధర్మము గనుక భర్తకు లేని పీట ఆమెకును లేదు. ఒక్కగానొక్క కొడుకు పెండ్లిలో కన్నతల్లి పదిమంది వెనుక గోడనానుకొని నిలువవలెను. పానకాలునకు తన పీట పోవుటకన్న ఆ తలపు దుస్సహమై తోచెను.

కావున ఆ మంచు దినముననే భార్యాభర్తలు గుంటూరు పోయి కేశరోపణ చేయు వైద్యుని దర్శించిరి. యువకుడైన యా వైద్యుడు పానకాలు తల వెనుక భాగమును పరీక్షించి తృప్తుడై చెప్పసాగెను.

“వెనకాల జుట్టు బాగానే ఉంది బాబాయిగారూ. అందులోంచి ఒక్కో వెంట్రుకా వేరుతో సహా తీసి నాటుతాం. వరినాట్లే అనుకోండి. బతికున్నంతకాలం ఉంటాయి. అయితే తలవెంట్రుకలు గదా, తల మీద పెరిగినట్టే పెరుగుతాయి. పదిహేను రోజులకోసారి కత్తిరించుకోవాలి.”

“గొరిగితేనో?”

“గొరిగినా మళ్లీ వస్తాయండీ.”

ఆహా! ఆ యొక్క మాటకు పానకాలు ముఖము వికసించినది. ఇంట మగవాడుగ మసలవచ్చును. శివరాత్రి తిరునాళ్లకు గొరిగించుకొని రాణియై ఏడ్వవచ్చును. మరల నెలకు మగవాడు కావచ్చును. ఇంతటి యుపాయమును ఈ లోకము ఇన్నాళ్లు దాచినదేమి యని అతడు లోలోన మురియుచుండగా వజ్రమ్మ మెల్లగ “మాఘమాసానికి వస్తాయా నాయనా?” అని యడిగెను.

“మాఘమాసానికా! నాటినవి మూడు వారాల్లో రాలిపోతాయమ్మా. వేరు లోపలే ఉంటుంది, భయం లేదు. నాలుగైదు నెలలకి మొలవడం మొదలెడతాయి. నిండుగా కనపడాలంటే ఏడాది పట్టుద్ది.”

మాఘమాస ముహూర్తమునకు మూడు నెలలైనను లేవు.

మరునాడు తెనాలిలోనే సౌందర్యశాల నడుపు సునంద యను నామె యొద్దకు పోయిరి. ఆమె చర్మము క్రిందికి సూదితో వర్ణము నెక్కించి ఒక్కొక్క రోమమును ఒక్కొక్క గీతగ దిద్దును. మన పల్లెల పచ్చబొట్టునకు పట్టణమున చదివి వచ్చిన చెల్లెలన్నమాట. “పది రోజులు పొక్కు కట్టి రాలుద్దండీ, నెలకి ఇంకోసారి దిద్దుతా, మాఘమాసానికి బ్రహ్మాండంగా ఉంటాయి. మరీ మొహంలో మొహం పెట్టి చూస్తే తప్ప వెంట్రుకలు కావని తెలీదు” అని ఆమె ధైర్యము చెప్పెను.

“వేషానికి తీసెయ్యాలంటే ఎట్టాగమ్మా?” అని పానకాలు అడిగెను.

“తియ్యడానికి పైన పూసిన రంగా పెద్దాయనా? ఏళ్లు గడిస్తే వెలిసి నీలంగా తిరుగుద్దేమో గానీ పూర్తిగా పోదు. లేజరు పెట్టించినా మచ్చ మిగలొచ్చు. బాగా ఆలోచించుకోండి.”

ముందు నుయ్యి వెనుక గొయ్యి యనిన నిదియే గదా! వెంట్రుకల బొమ సజీవము, వశవర్తి, రమ్మన్న వచ్చును పొమ్మన్న పోవును; కాని పెండ్లికి అందదు. వర్ణపు బొమ పెండ్లికి అందును. కాని యొకసారి వచ్చి కూర్చున్న పిదప పొమ్మన్న పోదు, రాణికి చోటీయదు. ఇంటికి వచ్చి వజ్రమ్మ తనకు తోచిన యుక్తి చెప్పినది.

“పైన ఏదన్నా పూత పూసి కప్పెట్టుకోలేవా ఏందయ్యా?”

“రెండో అంకానికి చెమటకి కరిగి కారుద్దే. రాణి మొహంలోంచి మగాడు తేలతాడు. చచ్చిన కొడుకు ముందు రాణి ఏడుస్తుంటే జనం నవ్వారనుకో, ఇంక నేను బతికేం లాభం?”

“అయితే వద్దులే. పీటలదేముంది, నేను వెనకాల నుంచునైనా చూస్తా. నీ ఇష్టం.”

ముప్పదియైదు సంవత్సరముల కాపురమున ఆమె యన్నియు నీ యిష్టమే యనినది. భర్త ఊరూర రాణియై తిరుగుచుండ ఇరుగుపొరుగు స్త్రీలు ముసిముసి నవ్వులు నవ్విన నాడును నీ యిష్టమే యనినది. పానకాలునకు దుఃఖము పొంగి వచ్చెను. పెరటిలోనికి పోయి నూతి గట్టుపై కూర్చుండి చిన్నపిల్లవానివలె నేడ్చి, ముఖము కడుగుకొని లోనికి వచ్చి, సమాజమువారికి కబురంపెను. ఈ శివరాత్రికి రాణి వేషమునకు వేరొకనిని చూచుకొండు, ఆపై శివరాత్రికిని.

సునంద యింకను పని మొదలుపెట్టక ముందు వయసులోనాటి ఛాయాచిత్రమేదైన కలదా యని యడిగెను. ఉన్నవన్నియు రాణి చిత్రములే. అంతట ఆమె వర్ణలేఖిని నొకదానిని చేతికిచ్చి “ఎట్టా కావాలో మీరే గీయండి, దాన్నిబట్టి నేను దిద్దుతా” అనెను. పానకాలు అద్దమునకు వంగెను. ఒక్క గీతలో, కొలత లేక, దిద్దుబాటు లేక, కన్ను మూసి తెరచునంతలో రాణి కనుబొమ యచ్చట వెలసినది. శాలలోని బాలికలందరు పని మాని నోరు తెరచి నిలిచిరి. అతడు తడిగుడ్డతో తుడిచి మరల గీచెను, మరల రాణియే. మూడవమారు పండ్లు బిగించి అడ్డముగ గీయబోయెను. చేయి తానే వంగి విల్లు వంచినది.

“మగాడి బొమ్మ నా చేతికి రాదమ్మా” అని అతడు లేఖిని క్రింద పెట్టి భార్యవైపు తిరిగెను. “నావి ఎట్టా ఉండేయే?”

“మన పెళ్లినాటికే లేవుగా. నేనెక్కడ చూశాను?” అని వజ్రమ్మ కన్నుల నీరు పెట్టుకొనెను.

ఆయన బొమలెట్టివో చెప్పగలవారు ఈ భూమిపై నెవరును మిగులలేదు. కన్నవారు గతించి చిరకాలమయ్యెను. కత్తి తెప్పించిన గురువును గతించెను. తుదకు చక్రధరుని చిత్రమును వజ్రమ్మ తన ఫోనులో చూపగా కొడుకు బొమలనే తండ్రికి మాతృకగ సునంద నిర్ణయించెను. “వాడివన్నీ మా అన్నయ్య పోలికలే” అని వజ్రమ్మ నోరు జారినది.

“అయితే ఎట్టాగైనా పీటల మీద మీ అన్నయ్యే కూర్చుంటున్నాడన్నమాట!” అని పానకాలు ఫక్కున నవ్వెను. నవ్వుచుండగనే సూది మొదలయ్యెను. రెండు గడియలు అతడు కదలలేదు. మొద్దుబార్చు లేపనము పూసినందున నొప్పి లేదని సునందకు చెప్పెను గాని కనుకొలకుల నుండి జారిన నీరు చెవులలోనికి పోవుచునే యుండెను. పొక్కులు రాలిన పిదప అద్దములో నెవరో పెద్దమనిషి కనబడెను. ముఖపరిచయము లేని చుట్టమునకువలె పానకాలు వానికి చోటిచ్చి ప్రక్కకు తొలగెను.

మాఘమాసము వచ్చినది. బొబ్బిలిలో బాజాలు మ్రోగినవి. పట్టుచీర కట్టి పసుపు పారాణితో భర్త ప్రక్కన పీటపై కూర్చున్న వజ్రమ్మ ముఖమున ముప్పదియైదేండ్లకు తొలిసారిగ నొక నిండుదనము కనబడెను. చక్రధరుడు తన స్నేహితులను చేయి పట్టి తెచ్చి “మా నాన్నగారు” అని చూపెను. బడినాటి నుండి ఆ నోట ఆ మాట పరులయెదుట వెలువడుట అదియే ప్రథమము. పానకాలు హృదయము కరగి, పోయినది పోయెను గాని ఇంతకన్న మగవానికి కావలసినదేమున్నదని సమాధానపడెను.

తలంబ్రాలు ముగిసిన పిదప వధువు నాయనమ్మ సన్యాసమ్మ, ఎనుబదియేండ్ల ముదుసలి, మనుమరాలి భుజము నూతగొని అక్షతలు చల్లి, వియ్యంకుని ప్రక్కనే చాపపై చతికిలబడి అతని ముఖములోనికి చూడక దూరముగ చూచుచు నిట్లనెను.

“బాబూ, మీది తెనాలంట గదా? మా కాలంలో మీవోళ్ల నాటకం ఈ ఊరొచ్చేది. ముత్తేల రాణని ఆడేసం కట్టినోడుండేవోడు. నా పెద్దకొడుకు పాము కరిసి పోయిన యేడది. కన్నకొడుకు పోతే నాకు ఏడుపు రానేదు బాబూ, రాయినాగైపోనాను. ఆ రాణి సచ్చిన కొడుకొంక ఒక్క కనుబొమ్మెత్తి సూసింది సూడు, అప్పుడేడిసినాను. ఆ ఏడుపు రాకపోతే నాను బతికుండేదాన్ని కాను. పెళ్లోరు తెనాలోలని తెలిసినకాడ్నించి అడగాలనుకుంటన్నాను. ఆ మారాజు ఉన్నాడా? ఉంటే ఓపాలి కాళ్లు మొక్కుతాను.”

ప్రక్కపీటపై బాసికము కట్టుకొని కూర్చున్న చక్రధరుడు ఆ పలుకులన్నియు వినెను. “మామ్మగారూ, ఆయన…” అని వంగబోయెను.

ఆ వాక్యమెట్లు ముగియునో తండ్రి యెరుగును. చుట్టును గుమాస్తాయని నమ్మిన వియ్యంకుడు, వియ్యపురాలు, పెండ్లిపెద్దలు. కొడుకీ పందిటిలో తన నోటనే అబద్ధీకుడగును. సరే, అదియు పోనిమ్ము. ఆ ముసలి తల్లి “ఏదీ, ఒక్కసారి ఎత్తి చూపు బాబూ” అనిన నేమి యెత్తి చూపగలడు? బావమరది కనుబొమనా? పానకాలు కొడుకు మణికట్టును గట్టిగ పట్టి అదిమి, ఏ తొట్రుపాటును లేని కంఠముతో తానే బదులు చెప్పెను.

“పోయాడు తల్లీ. మొన్న మార్గశిరంలో.”

సన్యాసమ్మ రెండు చేతులు జోడించి గాలిలోనికి నమస్కరించి, పైటచెరగు నోటికడ్డము పెట్టుకొని నిశ్శబ్దముగ నేడ్చెను. పరుల మరణములకు వేలమారులు విలపించి లోకమును విలపింపజేసిన యా రాణి మరణించిన పిదప ఆమె కొరకు విలపించినది ఈ యొక్క ముదుసలియే. పానకాలు తన ఉత్తరీయపు చెంగుతో ఆమె కన్నీరు తుడుచుచుండగా, వియ్యాలవారి మధ్య అప్పుడే ఇంత యాప్యాయతయా యని బంధుజనమెల్ల మురిసిపోయిరి. చక్రధరుడు మాత్రము తల యెత్తలేదు.