లోపలి గడియ

మార్చి పదకొండో తేదీ ఇస్త్రీ అక్కకు బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం ఆమె తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డులో సగం. మిగతా సగం ప్లంబరుకు పెట్టింది. ఆ ఒక్క పూటకూ అతను ఆమెకు మొగుడు.

ఆ దేశంలో బయటినుంచి వచ్చిన ఒంటరి ఆడదానికి ఎవరూ ఇల్లు అద్దెకివ్వరు. అందుకని మనవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. గది చూడబోయేటప్పుడు ఎవరో ఒకరిని మొగుడిగా అరువు తెచ్చుకోవడం, గది చేతికొచ్చాక ఆయన దూరంగా ఎక్కడో పనికి వెళ్లాడని చెప్పడం. ఇలాంటి పనులకు ప్లంబరు పెట్టింది పేరు. మనిషి పొడగరి, మీసం పొందిగ్గా ఉంటుంది, మాట తక్కువ. అతని చారల చొక్కా ఆమే దగ్గరుండి గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. అంతా సవ్యంగానే సాగింది, ఇంటాయన వంటగది చూపించేదాకా. అక్కడ కుళాయి కారుతోంది. ఇంకెవరైనా అయితే చూసి ఊరుకునేవారు. ప్లంబరు చెయ్యి ఊరుకోలేదు. జేబులోంచి పానా తీశాడు, రెండు తిప్పులు తిప్పాడు, చుక్క ఆగిపోయింది. ఇంటాయన మురిసిపోయి గది ఇచ్చేశాడు, ప్లంబరుకు. ఆ తర్వాతి నెల ప్లంబరు అసలు పెళ్లాం ఊరినుంచి వచ్చి ఆ గదిలో దిగింది. ఆమెను తీసుకురావడానికి అతను వేసుకెళ్లింది ఆ చారల చొక్కానే.

"ఏం చేయనక్కా, అద్దె తగ్గిస్తానన్నాడు," అన్నాడు తర్వాత కనబడి, నేల చూపులు చూస్తూ.

ఆమె తిట్టలేదు. అతని మీద కోపం కంటే, సగం గుడ్డు పోయిందన్న బాధ ఎక్కువ నిలిచింది.

ఇదంతా ఇవాళ మళ్లీ గుర్తుకు రావడానికి కారణం, సాయంత్రం ఆమె ఇంకో గది చూడబోతోంది. పొద్దుటినుంచి హోటల్ నేలమాళిగలో, ఆవిరి మధ్య నిలబడి, దిండు గలేబుల గుట్ట తగ్గించుకుంటూ వస్తోంది. దుప్పట్లను పెద్ద రోలరు మింగి అవతలికి చాపల్లా కక్కుతుంది. గలేబులు, చొక్కాలు మాత్రం చేత్తో చేయాలి. ఎడమ చేత్తో గుడ్డ లాగి పట్టడం, కుడిచేత్తో పెట్టె నడపడం, మూల మడవడం. ఆమె కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి దిగింది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు గాజుల్లా వరసగా ఉన్నాయి. వెలుతురు వచ్చే దారంటూ లేని ఆ చోట కూడా ఆమెకొక సుఖం ఉంది: అప్పుడే ఇస్త్రీ అయిన గలేబుపై అరచెయ్యి ఆన్చి ఒక్క క్షణం ఉంచుతుంది. ఆ వెచ్చదనం ఎవరో పలకరించినట్టుంటుంది.

టీ వేళకు తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఒక్కదానివి, నీకు గదెందుకే అక్కా?"

"నిద్రపోవడానికి."

"ఇప్పుడు నిద్రపోవట్లేదా?"

"పడుకుంటున్నా."

"ఆ డబ్బు ఇటు పంపితే మేడమీద ఇంకో గది వేయచ్చు. నువ్వొచ్చాక అది నీకే."

"మొన్న పిల్లల చదువుకి అన్నావు."

"నువ్వొచ్చేదాకా పిల్లలు చదువుకుంటారు."

"నేనొచ్చాక చదువు మానేస్తారా?" అంది ఆమె. "పంపేది పంపుతూనే ఉంటాన్రా. నా గది మాత్రం నేను చూసుకుంటా. టీ చల్లారిపోతోంది, పెట్టేయ్."

టీ అప్పటికే చల్లారింది. అయినా తాగింది.

ఆమె ఉండేది ఆరుగురు ఆడవాళ్ల గదిలో. మంచాల మీద మంచాలు. ఆ గదికి కొన్ని కట్టుబాట్లున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లకు తలుపు పక్క మంచం. ఎవరైనా ఖాళీ చేస్తే మిగతావాళ్లు ఒక్కో మంచం చొప్పున కిటికీ వైపు జరగాలి. వెళ్లేవాళ్లు గదికి పనికొచ్చే వస్తువు ఒకటి వదిలి వెళ్లాలి. గోడమీది అద్దం, పీట, పిడి కాలిన గరిటె, నిమిషాల ముల్లు మాత్రమే తిరిగే గడియారం, అన్నీ అలా మిగిలినవే. అందరికీ కలిపి ఒకే తాళంచెవి. అది ఎప్పుడు ఎవరి దగ్గరుంటుందో తెలియదు కనుక తలుపు వేసే అలవాటే పోయింది. తెగిన చెప్పు ఒకటి అడ్డం పెట్టి ఓరగా ఉంచేవారు. ఒకరు డ్యూటీనుంచి వచ్చేసరికి ఇంకొకరు బయల్దేరేవారు.

ఇస్త్రీ అక్క కిటికీ మంచం చేరేసరికి జుట్టు సగం నెరిసింది. గాలి వస్తుంది, ఎదురింటి గోడమీద ఎండ కనిపిస్తుంది, అంతా బాగానే ఉంది. కానీ ఇన్నేళ్లలో ఎప్పుడైనా ఏడవాలంటే బాత్రూము ఖాళీ అయ్యేదాకా ఆగాల్సి వచ్చేది. ఖాళీ అయ్యేసరికి ఏడుపు పోయేది. అలా ఎన్ని ఏడుపులు వృథా అయ్యాయో.

సాయంత్రం ఆమె ముఖం కడుక్కుని చీర మార్చుకుంటూ ఉంటే పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ బడిలో వంటచేస్తుంది. గదిలో అందరికంటే ముందు వచ్చిన మనిషి. మోకాళ్లకు చలి తగులుతుందని కిటికీ మంచం తనే వద్దనుకుంది.

"మొండితనం వద్దే. ప్లంబరు ఖాళీగానే ఉన్నాట్ట. ఒక టీ ఇప్పిస్తే చాలు."

"అతన్ని తీసుకెళ్తే గది అతనికే ఇస్తారు పిన్నీ."

"ఈసారి పానా ఇక్కడ పెట్టి వెళ్లమని చెప్తాలే."

తలుపు పక్క మంచం మీదినుంచి కిసుక్కుమని నవ్వు వినబడింది. బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి, ఈ మధ్యే వచ్చింది.

"మరి మీ ఆయన ఏడీ అంటే ఏమంటావు?" అంది పిన్ని.

"ఉన్నాడనే అంటా. వేరే ఊళ్లో, వేరే ఇంట్లో, వేరే ఆవిడతో ఉన్నాడని."

"చెప్పి చూడు. మెట్లమీంచే పంపించేస్తారు."

"ఎక్కిన మెట్లేగా. దిగుతా."

ఆ ఇంటికి మెట్లు కూడా ఎక్కువే. ఇంటావిడ ముసలిది. కింది గుమ్మంలో కుర్చీ వేసుకుని, నడుముకు తాళాల గుత్తి దోపుకుని కూర్చుంది. ఆమెను ఎగాదిగా చూసి, తనకు మోకాళ్లు నొప్పులనీ, పైకి వెళ్లి చూసి రమ్మనీ సైగ చేసింది.

గది డాబామీద ఉంది. ఒకప్పుడు సామాను వేసుకునేది కాబోలు. కప్పు ఒక పక్కకు వాలి ఉంది. ఆ వైపు నిలబడితే తల తగులుతుంది. కిటికీ చిన్నది. కుళాయి బయట, నీళ్ల ట్యాంకు కింద. మంచం వేస్తే మనిషి నడిచేంత చోటు మిగులుతుంది, అంతే. అందుకే అద్దె ఆమె జీతానికి అందింది. ఆమె లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. తలుపుకు లోపల ఇనుప గడియ ఉంది. తుప్పు పట్టింది. బొటనవేలితో నెట్టితే కొంచెం మొరాయించి, తర్వాత చోటు దొరికినట్టు టక్కున కూర్చుంది.

ఆమె అక్కడే కాసేపు నిలబడింది. ఏమీ చేయలేదు. ఎవరూ చూడడం లేదన్న సంగతి ఒళ్లంతా తెలుస్తోంది. భుజం దానంతటదే సర్దుకుంది.

కిందికి దిగాక ఇంటావిడ అడగాల్సింది అడిగింది. మొగుడు ఏడీ?

ఆ దేశపు భాష ఆమెకు అవసరానికి సరిపడా వచ్చు. "లేడు. నేనొక్కదాన్నే. హోటల్లో ఇస్త్రీ పని. జీతం నెల మొదట్లో వస్తుంది, అద్దె మర్నాడే ఇస్తా," అంది. చెప్పాక తల దించలేదు.

ముసలావిడ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నింపాదిగా మాట్లాడింది. ఈ గదికోసం వచ్చిన ఆడవాళ్లంతా మొగుళ్లను వెంటబెట్టుకునే వచ్చారట. అందులో ఒక మొగుడు రెండుసార్లు వచ్చాడట, ఇద్దరు పెళ్లాలతో. చారల చొక్కా. రెండుసార్లూ పెళ్లాన్ని వదిలేసి కుళాయిల చుట్టూ తిరిగాడట.

ఇస్త్రీ అక్కకు నవ్వు ఆగలేదు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలావిడ నవ్వలేదు గానీ గుత్తిలోంచి ఒక తాళంచెవి విడదీసి చేతిలో పెట్టింది.

గుత్తిలో అలాంటిదే ఇంకోటి ఉంది.

"అది?"

అన్ని గదులవీ తన దగ్గర ఒక్కోటి ఉంటాయంది ముసలావిడ. అది తన పద్ధతి.

ఇస్త్రీ అక్క చేతిలోని తాళంచెవి చూసుకుంది. పైన టక్కుమన్న గడియ ఇంకా చెవిలోనే ఉంది. ఈ అద్దెకు ఇలాంటి గది మళ్లీ దొరకదు. అది ఆమెకు తెలుసు. తాళంచెవి ఆవిడ ఒళ్లో పెట్టేసింది.

"అయితే వద్దమ్మా. రెండూ నా దగ్గరుంటేనే గది నాది. లేకపోతే నేనిప్పుడుండే చోటే నయం, అక్కడ తలుపు తెరిచి ఉందని తెలిసే పడుకుంటా."

"లోపల నీకేమైనా అయితే?"

"తలుపు కొట్టండి. తీస్తా."

"తీయలేకపోతే?"

"బద్దలు కొట్టండి. ఖర్చు నాదే."

"అప్పటికి నువ్వుంటేగా ఇవ్వడానికి."

"అడ్వాన్సులో మినహాయించుకోండి."

ఈసారి ముసలావిడ నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాత గుత్తి తిప్పి తిప్పి రెండోదీ ఊడదీసింది.

"ఈ నెలాఖరుదాకా ఆగరాదూ," అంది పిన్ని, ఆమె పెట్టె సర్దుకుంటుంటే.

"ఆగితే ఆగిపోతా పిన్నీ."

పిన్ని లేచి వెళ్లి, తన బీరువా అరలోంచి కొత్త సబ్బుబిళ్ల తెచ్చి పెట్టెలో బట్టల మధ్యకు తోసింది. మంచాలు మారడం మొదలైంది. దుకాణం అమ్మాయి తన దిండు చంకలో పెట్టుకుని తలుపు పక్కనుంచి లోపలి మంచానికి జరిగింది.

"గదికి ఏం ఇస్తున్నావక్కా?"

ఇస్త్రీ అక్క తన మంచం చుట్టూ కట్టుకున్న తెర విప్పింది. హోటల్ పారేసిన దుప్పటి. చిరుగు కనబడకుండా తనే అంచు మడిచి కుట్టుకుంది. ఇన్నేళ్లూ ఆమెకున్న గోడ అదొక్కటే. దాన్ని నేలమీద పరిచి, ఇస్త్రీ పెట్టె వేడిచేసి, అంచునుంచి అంచుకు ఆఖరిసారి ఇస్త్రీ చేసింది. తీసుకెళ్లి తలుపు పక్క ఖాళీ మంచానికి కట్టింది.

"అక్కడెవరూ లేరుగా," అంది అమ్మాయి.

"వస్తారు. మొదటి రాత్రి వరండా దీపం ముఖంమీదే పడుతుంది. నీకు తెలీదా."

అమ్మాయికి తెలుసు. తెర తాడు రెండో కొస తనే ముడి వేసింది.

ఇస్త్రీ అక్క పెట్టె పట్టుకుని గడప దాటింది. అడ్డం పెట్టిన తెగిన చెప్పు కాలికి తగిలి పక్కకు జరిగితే, వంగి మళ్లీ ఉన్నచోటే పెట్టింది.

డాబామీద గదిలో చాప పరుచుకునేసరికి చీకటి పడింది. తలుపు ధడాలున వేయాలని దారిపొడవునా అనుకుంది. ఇన్నేళ్లుగా ఏ తలుపునూ అలా వేయలేదు. పట్టుకున్నాక చెయ్యి పాత అలవాటు మానలేదు, నిద్రపోతున్నవాళ్లెవరో ఉన్నట్టు మెల్లగా, చప్పుడు లేకుండా మూసింది. గడియ మాత్రం టక్కుమంది.

అక్కడ పాత గదిలో, ఓరగా ఉన్న తలుపులోంచి వరండా దీపం ఎప్పటిలాగే లోపలికి వచ్చి, ఖాళీ మంచం ముందు మడత చెదరని తెల్ల తెర మీద ఆగింది.