మూడు కిలోమీటర్ల దారి

చంద్రిక కాలి కింద ఎర్రరాయి జారింది. పక్కనున్న పొద పట్టుకుంది. అరచేతిలో ముల్లు దిగింది.

"ఇంకెంత ఉండాదప్పా?"

"ఆ మలుపే," అన్నాడు పైనున్న మొగుడు చక్రధర్. మూడు మలుపుల నుంచీ అదే మాట.

ఆమె కొండెక్కడం ఇదే మొదలు. సవిత నడిపే ట్రెక్కింగ్ గుంపులో చోటు దక్కాలంటే ఏదో ఒక దారి మొదటి నుంచి చివరిదాకా నడిచి, ఆ నడక ఫోన్ యాప్‌లో నమోదు చేసి పంపాలి. ఈ సాయంత్రమే గడువు. చంద్రిక తారానగర్ డ్యామ్ పక్క దారి ఎంచుకుంది. చదును, ఆరు కిలోమీటర్లు. దోణిమలై ఇనుప గనికి టిప్పర్లు తిప్పే చక్రధర్ ఒప్పుకోలేదు. "మూడు కిలోమీటర్ల గుట్ట ఉంటే ఆరు నడిచేదేంది, పిచ్చిదానా?"

మలుపు తిరిగారు. అవతల దారి లేదు. వానకు కోసుకుపోయి, మనిషి లోతు గండి పడింది.

"పొద్దున ఇద్దరు పిల్లోళ్లు దిగుతా చెప్పలా, పైన దారి తెగిందని?" నిలదీసింది చంద్రిక.

"వాళ్లకు కాళ్లల్లో బలం లేక అంటాండారనుకుంటి."

"లోడు బండితో కొత్త ఘాట్ ఎక్కేటప్పుడు నీ డ్రైవర్లకు ఏం చెప్తావు? కిలోమీటర్లు చూసుకోమనా?"

చక్రధర్ తల గోక్కున్నాడు. "ఎదురొచ్చే బండి ఆపి అడగమంటా."

"మరి పెండ్లాన్ని ఎక్కించేటప్పుడు?"

చంద్రిక వెనక్కి తిరిగింది. ఎక్కినదానికంటే దిగడం ఘోరం. అతని నున్నటి చెప్పులు అడుగడుక్కీ జారాయి. ఆఖరుకు ఆమె భుజం పట్టుకునే దిగాడు.

కారెక్కేసరికి ఎండ మండుతోంది. చక్రధర్ బండి స్టార్ట్ చేశాడు.

"ఇంటికి పోదాం. సవితకు నేను ఫోన్ చేసి చెప్తాలే."

"తారానగర్‌కు పోనీ."

"ఈ ఎండలోనా?"

"పోనీ అంటాండా గదా!"

డ్యామ్ దగ్గర దిగి, నీళ్ల బాటిల్ చంకన పెట్టుకుంది. ఫోన్లో సగంలో ఆగిన గుట్ట దారి చెరిపేసి, కొత్తది మొదలుపెట్టింది.

చక్రధర్ డోర్ తీశాడు. "ఆగు, నేనూ వస్తా."

"ఆ చెప్పులతోనా? బండిలోనే కూర్చో."

నడక సాగించింది. ఎదురుగా గొర్రెలు తోలుకుని ఒక పెద్దామె వస్తోంది. చంద్రిక ఆగి అడిగింది, "అవ్వా, ముందర దారి బాగుండాదా?"