అక్క గడియారంలో నాలుగయింది

ఆస్పత్రి వాళ్ళు బావనీ తమ్ముణ్ణీ మర్యాదగానే బయటికి పంపేశారు. నర్సు చేతులు జోడించి మరీ పంపింది. అక్కని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళిన దగ్గర్నుంచి బావ కాలుగాలిన పిల్లిలా వరండా ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాడు. రెండుసార్లు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళబోయాడు. మూడోసారి ఎవరి స్ట్రెచర్‌కో అడ్డం పడ్డాడు. "మీ బామ్మర్దిగారి ఇల్లు రెండు వీధుల అవతలే కదండీ, వెళ్ళి కూర్చోండి. ఏ సంగతైనా మేమే ఫోన్ చేస్తాం" అంది నర్సు.

వాళ్ళకి వణుకు పుట్టించేది ఆ ఫోనే. డాక్టరమ్మ పొద్దున్నే దాచకుండా చెప్పేసింది. అక్క కడుపులో గడ్డ ఉంది. పక్కకి పాకిందో లేదో తెరిచి చూస్తే గానీ తెలియదు. పాకి ఉంటే చేసేదేమీ లేదు, కుట్లు వేసి మూసేస్తారు, మూడింటిలోపే ఫోన్ వస్తుంది. ఫోన్ రాకుండా నాలుగు దాటిందంటే గడ్డని తీసేస్తున్నారన్నమాట. కాబట్టి ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ కోరుకోవలసింది ఒక్కటే. ఫోన్ మోగకూడదు.

తమ్ముడి ఇంటి మేడ మీద గదికి బావ రావడం అదే మొదలు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ మెట్లు ఎక్కలేదాయన. ప్రతి శనివారం మధ్యాహ్నం పెళ్ళాం ఈ గదికొచ్చి తమ్ముడితో కలిసి బొమ్మ రైళ్ళు నడుపుతుందని నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని ఆయన బెంగ. ఆవిడ ఇంటికొచ్చి గూడ్సు బండి కబుర్లు చెప్పబోతే ఒక చెవితో విని రెండో చెవితో వదిలేసేవాడు, చాలాసార్లు ఆ మొదటి చెవి కూడా ఇచ్చేవాడు కాదు. ఈరోజు మాత్రం తమ్ముడి వెనకే వచ్చేశాడు. అక్క లేని ఇంటికి ఒక్కడూ వెళ్ళలేకపోయాడు.

గదిలో మూడు గోడల పొడుగునా నడుమెత్తున బల్లలు. వాటి మీద పట్టాలు, బండిని దారి మళ్ళించే పాయింట్లు, సిగ్నళ్ళు, ఈ చివరొక స్టేషను, ఆ చివరొక స్టేషను, మధ్యలో కొండ, కొండలో సొరంగం. అక్క కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే పనిలో ఉంది. అక్కడ చిగుళ్ళు చెయ్యగా మిగిలిన గులాబీ పిండితోనే ఈ కొండ కట్టింది. అందుకే రంగు ఎంత వేసినా దానికి చిగుళ్ళ ఛాయ పోలేదు. బల్లల కింద వైర్లన్నీ తమ్ముడివి. అతను లిఫ్టు మెకానిక్కు. ఎండ పడితే రంగులు వెలిసిపోతాయని కిటికీలకి అట్టలు కొట్టేశారు, కాబట్టి లోపల పగలైనా రాత్రయినా ట్యూబులైటే.

"దీని కోసమేనా శనివారం శనివారం నన్ను వదిలేసి వచ్చేది?" అన్నాడు బావ. కానీ ఆ మాటలో పస లేదు. ఫోన్ తీసి కొండ మీద బోర్లా పెట్టాడు. కళ్ళజోడు అక్క సంచీలో ఉండిపోయింది, ఫోన్ చూసుకున్నా ఆయనకి అంకెలు కనపడవు.

"అక్క ఒట్టు వేయించుకుంది బావా. ఆపరేషన్ నాకురా, రైళ్ళకి కాదు, శనివారం బండ్లు శనివారం నడవాల్సిందే అంది" అన్నాడు తమ్ముడు. అక్క నడిపే స్టేషను ముందున్న స్టూలు చూపించాడు. "అక్కడ కూర్చోండి. నేను బండి పంపేముందు గంట కొడతాను. మీ వైపు లైను ఖాళీగా ఉంటే మీరూ తిరిగి గంట కొట్టాలి. అప్పుడే నేను పంపుతాను. మీరు పంపేటప్పుడూ అంతే."

అని గోడ గడియారం స్విచ్ వేశాడు. పోయిన శనివారం ఒంటిగంటన్నర దగ్గర ఆపిన గడియారం అది. చూడ్డానికి ఇంట్లో ఉండే మామూలు గడియారమే. అక్క దాని పళ్ళచక్రాలు మార్చి నాలుగింతలు పరిగెత్తేట్టు చేసింది. మన పావుగంట దానికి గంట. ఇంత చిన్న ఊళ్ళ మధ్య రోజంతా తిరిగే బండ్లని ఒక సాయంత్రంలో నడపాలంటే కాలాన్ని కూడా అలాగే కుదించుకోవాలి. రైళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇది అన్నం తిన్నంత మామూలు సంగతి. అందుకే బావకి చెప్పాలని తమ్ముడికి తట్టనే లేదు. ఆ పూట బయట కూడా ఒంటిగంటన్నర అయిందన్న సంగతీ అతను గమనించలేదు. వైర్లు ముట్టుకునేముందు చేతి గడియారం తీసి జేబులో వేసుకోవడం లిఫ్టుల పనిలో వచ్చిన అలవాటు, ఇప్పుడూ అదే చేశాడు.

బావ ముళ్ళ మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పే మనిషి. పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కీ తొక్కీ ఆయన కుడికాలు ఆయన మాట వినడం మానేసింది. ఇంజన్ స్టేషను దగ్గరికి వస్తుంటే నేలని బలంగా తొక్కేవాడు. బండి వేగం తగ్గించే కంట్రోలరు తిప్పడం మాత్రం మర్చిపోయేవాడు. మొదటి బండి ప్లాట్‌ఫారం దాటి, అక్క ఓపిగ్గా అంటించిన కంచె విరగ్గొట్టి, బల్ల అంచున ఆగింది. రెండో బండిని గంట కొట్టకుండానే పంపేశాడు. అది సొరంగంలో తమ్ముడి గూడ్సుకి ఎదురెళ్ళి గుద్దింది. ఇద్దరూ కొండకి చెరోవైపు చేతులు దూర్చి బోగీలు బయటికి లాగారు. ఎంత లాగినా ఫోను పక్కకి మాత్రం ఎవరి చెయ్యీ పోలేదు.

తర్వాత బావ కాస్త దారిలో పడ్డాడు. గంటకి గంట కొట్టసాగాడు. తమ్ముడు జేబులో చెయ్యి పెట్టి దొంగచాటుగా గడియారం చూసుకుంటున్నాడు. ముల్లు కదిలితే ఒట్టు. ఒక బండిని పంపడం మర్చిపోయాడు, ఇంకోదాన్ని తప్పు లైనులోకి తోశాడు. ఒకసారి బావ గంట మీద వేలు పెట్టి ఊపిరి బిగబట్టి గోడ వైపే చూస్తూ ఉండిపోయాడు. "గంట కొట్టండి బావా" అంటే ఉలిక్కిపడి కొట్టాడు. గోడ మీద గడియారం మూడు దాటుతోంది. తమ్ముడికి అప్పుడైనా అర్థం కాలేదు.

మరి కాసేపటికి బావ స్టూలు తన్నేసి లేచాడు.

"దాటిందిరా! నాలుగు దాటిందిరా బామ్మర్దీ!"

తమ్ముడు తలెత్తి చూశాడు. గోడ మీద నాలుగు దాటి అయిదు నిమిషాలు. బావ ఇంతసేపూ నమ్ముకున్నది ఏ గడియారాన్నో అతనికి అప్పుడు తెలిసింది.

"మోగలేదు! చూశావా, మోగలేదు! తీసేస్తున్నారురా!" అంటూ బావ వచ్చి అతన్ని గట్టిగా పట్టేసుకున్నాడు. ఆయన చొక్కా వీపంతా చెమటతో తడిసి ముద్దయింది. "ఆటలో పడితే టైమే తెలియదని మీ అక్క అంటుంటే కోతలనుకున్నాను. ఎలా గడిచిపోయిందో చూడు, ఇప్పుడే వచ్చి కూర్చున్నట్టుంది!"

తమ్ముడు జేబులోంచి గడియారం తీసి బావ భుజం మీదుగా చూసుకున్నాడు. రెండు దాటి ఎంతోసేపు కాలేదు. భయపడవలసిన గంట ఇప్పుడే మొదలవుతోంది. చెప్పాలి, వెంటనే చెప్పాలి. కానీ బావ అప్పటికే వెళ్ళి స్టూలు లేపుకుని కూర్చున్నాడు. నోటితో ఇంజన్ కూత కూస్తూ గంట కొడుతున్నాడు. వారం రోజులుగా అన్నం సహించని మనిషి, బల్ల మీదున్న బిస్కెట్ల పొట్లం విప్పి రెండు ఒకేసారి నోట్లో వేసుకున్నాడు.

"పంపరా బండి! లైను ఖాళీ! ఇకనుంచి ప్రతి శనివారం నేనూ వస్తాను. మీ అక్క నాకు ఒక స్టేషను ఇవ్వకపోతే ఊరుకోను. లైసెన్సు కూడా ఇప్పించండి."

తమ్ముడు బండి పంపాడు. ఈ ఒక్క బండీ చేరాక చెబుదామనుకున్నాడు. అది చేరింది. ఇంకొకటి పంపాడు. మింగలేక కక్కలేక చస్తున్నాడు గానీ, నిజం చెప్పాలంటే ఆ నవ్వు చూస్తుంటే అతనికి హాయిగా ఉంది. అక్క బతికిందని తెలిస్తే ఈ గది ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ఫోను మోగితే ఇదంతా కూలిపోతుందని తెలిసి కూడా అతను అందులోంచి బయటికి రాలేకపోయాడు. ఆ మాత్రం ఆశ పడ్డందుకు అతన్ని తిట్టాలంటే నాకు నోరు రావడం లేదు.

ఇంతలో బావ చెయ్యి చాచి ఫోన్ అందుకున్నాడు. ఒకటో అంకె గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. అలా నొక్కి పట్టుకుంటే కూతురికి పోతుంది, దానికి కళ్ళజోడు అక్కర్లేదు. ఆ పిల్ల కాలు విరిగి, కట్టుతో, నాలుగు ఊళ్ళ అవతల మంచం మీద పడి ఉంది. రాలేకపోయానని పొద్దున్నంతా ఏడ్చింది.

"బావా, ఆగండి..." అంటూ తమ్ముడు బల్ల కింద నుంచి దూరి వచ్చేసరికే ఆలస్యమైపోయింది.

"అమ్మలూ! అమ్మకేం లేదమ్మా! నాలుగు దాటింది, తీసేస్తున్నారు! ఏడవకు తల్లీ. నిద్రపోలేదు కదూ రాత్రంతా? పడుకో, హాయిగా పడుకో. మామయ్యా నేనూ రైళ్ళు నడుపుతున్నాం!" అటు నుంచి ఆ పిల్ల ఏడుస్తూ నవ్వడం తమ్ముడికి కూడా వినిపించింది.

బావ ఫోన్ పెట్టేసి తిరిగి చూశాడు. తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందిరా?"

"ఆ గడియారం అబద్ధం బావా." జేబులోంచి తనది తీసి ఆయన చేతిలో పెట్టాడు. "అక్క దాన్ని రైళ్ళ కోసం తొందరగా తిరిగేట్టు చేసింది. ఇంకా రెండున్నరే అయింది."

బావ చేతి గడియారాన్ని దూరంగా పెట్టీ దగ్గరగా పెట్టీ చూశాడు. ముళ్ళు కనిపించాయి. మళ్ళీ గోడ వైపు చూశాడు. అక్కడ సాయంత్రం అయిపోతోంది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మీరు నాలుగు దాటిందని లేచినప్పట్నుంచీ."

"నేను కోతిలా గంతులేస్తుంటే చూస్తూ కూర్చున్నావురా?" బావ చెయ్యి లేచింది. కొట్టేసేవాడే. "దానికి చెప్పేశాను కదరా! ఇప్పుడు ఆ పిల్లకి ఏమని చెప్పను?"

"మీరు నవ్వుతుంటే నాక్కూడా నాలుగైపోయినట్టే అనిపించింది బావా" అన్నాడు తమ్ముడు. అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. అమ్మ పోయాక అతనికి జడుపొస్తే పక్కలో పడుకోబెట్టుకున్నది అక్కే.

బావ లేపిన చెయ్యి దించేశాడు. కూతురికి చెబుదామని ఒకటో అంకె మీద వేలు పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచి, నొక్కకుండా తీసేశాడు.

"వద్దులే. ఒక్కరన్నా నిమ్మళంగా ఉండనీ" అన్నాడు.

తమ్ముడు గోడ గడియారాన్నీ పట్టాల కరెంటునీ ఆపేశాడు. బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ట్యూబులైటు రొద ఒక్కటే మిగిలింది. అది రైళ్ళ చప్పుడు కన్నా ఘోరంగా ఉంది. బావ లేచి నడవబోతే బల్లల మధ్య అంత చోటు లేదు. రెండడుగులు వెయ్యడం, తిరగడం, మళ్ళీ రెండడుగులు. తమ్ముడు విరిగిన కంచె ముక్కలు ఏరి అంటించబోయాడు. అవి అతని వేళ్ళకే అంటుకున్నాయి.

మూడింటికి ఇంకా కొంచెం ఉందనగా ఫోన్ మోగింది.

ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడిపోయారు. మూడోసారి మోగాక బావ కళ్ళు మూసుకుని ఎత్తాడు.

"సార్, నేనండీ. రేపు రివర్సు నేర్పిస్తానన్నారు, ఎన్నింటికి రమ్మంటారు?"

మామూలు రోజయితే ఆ కుర్రాడి ఏడు తరాలూ తిట్లు తినేవి. బావ ఎంతో మెల్లగా "రేపు లేదు నాన్నా, వీలైనప్పుడు నేనే పిలుస్తాను" అని పెట్టేసి, స్టూలు మీద కూలబడ్డాడు. కుడికాలు నేలని తొక్కుతూనే ఉంది.

మూడు దాటింది. ఇద్దరిలో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అంటే ఎక్కడ మోగుతుందోనని భయం. చేతి గడియారం ఇద్దరి మధ్య ప్లాట్‌ఫారం మీద పెట్టుకుని, దాని ముల్లుని కళ్ళతో తోస్తూ కూర్చున్నారు. నాలుగయ్యేసరికి సంతోషించే ఓపిక కూడా వాళ్ళలో మిగల్లేదు. ఈసారి బావ గంతులెయ్యలేదు. "నీ గడియారం సరిగ్గా నడుస్తుందా?" అని మాత్రం అడిగాడు. నడుస్తుందని తమ్ముడు చెప్పినా నమ్మక, కిందికి దిగి వెళ్ళి పక్కింటావిడని టైమడిగి వచ్చాడు.

అయిదింటికి డాక్టరమ్మే స్వయంగా ఫోన్ చేసింది. గడ్డ ఎక్కడికీ పాకలేదు. మొత్తం తీసేశారు. ఒక గంటాగి వచ్చి చూడొచ్చు.

బావ నేల మీద కూర్చుండిపోయాడు. బల్లకి తల ఆనించి గట్టిగా, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడ్చాడు. తమ్ముడు పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కాస్త తేరుకున్నాక బావ తడుముకుంటూ ఒకటో అంకె నొక్కాడు.

"అమ్మలూ, తీసేశారమ్మా! మొత్తం తీసేశారు!"

"ఇందాకే చెప్పావుగా నాన్నా" అంది కూతురు నిద్రమత్తులో. "పడుకోమని నువ్వే అన్నావుగా. ఎందుకలా ఏడుస్తున్నావు? ఇందాక బాగా నవ్వావుగా?"

బావ మోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"ఇందాక నవ్విన నవ్వు లెక్కలోకి రాదమ్మా" అన్నాడు. "ఇప్పుడు నవ్వుతున్నాను." అని మళ్ళీ ఏడవడం మొదలుపెట్టాడు.