ముందు బ్రేకులు లేని బండి

హుజూర్‌నగర్ నుంచి మేళ్లచెరువు పోయే రోడ్డు మీద మక్సూద్‌కు లారీల షెడ్డు ఉండేది. సున్నపురాయి మోసే లారీలు చెడిపోతే ముందు అక్కడికే వచ్చేవి. 1987 వానాకాలంలో ఒక పొద్దున అతని చెల్లెలు ఖమర్ భర్త రజాక్ తన పాత లారీని షెడ్డు ముందు ఆపాడు.

"భాయ్, బ్రేకు తొక్కితే ఎడమకు గుంజుతాంది. నిన్న మలుపుకాడ మైలురాయిని ముద్దు పెట్టుకునేదుండె."

"పెట్టుకో. ఖమర్‌కు చెప్పనులే."

రజాక్ నవ్వలేదు. "ముందటి బ్రేకులు తీసెయ్యి."

మక్సూద్ ముందు చక్రాలు విప్పి చూశాడు. కుడివైపు బ్రేకు లైనింగులు నూనెలో నానిపోయాయి. ఎడమవైపువి మాత్రమే పడుతున్నాయి. కొత్తవి వేస్తే బండి గుంజదు.

"మిర్యాలగూడ నుంచి తెప్పించి కొత్తయి ఏస్త. రెండ్రోజులు ఆగు."

"రెండ్రోజులు ఆగితే గనిల నా వంతు ఇంకొకనికి పోతది. అయినా ఎవల బండికున్నయి ముందు బ్రేకులు? నీ చేతుల మీద ఎన్నిటికి తీసినవ్?"

నిజమే. ముందు బ్రేకు పడితే లారీ తిరగబడుతుందని ఆ రోడ్డు మీది డ్రైవర్లందరి నమ్మకం. ముందు చక్రాలకు పోయే నూనె గొట్టాన్ని విప్పి, ఆ దారి మూసి బిగించడం మక్సూద్‌కు పావుగంట పని. ఆ ఏడాదిలోనే ఇరవై లారీలకు పైగా చేశాడు. బరువంతా వెనకే కదా, వెనక బ్రేకులు చాలునని అతనూ అనేవాడు. చేసిన ప్రతిసారీ రాయి నింపిన బండిని నడిపించి చూశాడు. ఆగింది. ఖాళీ బండితో ఎన్నడూ చూడలేదు.

పావుగంటలో పని ముగించి, బండి ఎట్లా ఆగుతుందో చూడటానికి తానూ ఎక్కి రజాక్ పక్కన కూర్చున్నాడు. లారీ ఖాళీగా గనివైపు బయలుదేరింది. అప్పుడే తుంపర పడి ఆగింది. లారీల నుంచి రాలిన తెల్లదుమ్ము తడిసి రోడ్డు సబ్బు రుద్దినట్టుంది.

దిగుడులో కల్వర్టు దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. మందకు ముందు నడిచే కాపరి పర్వతాలు, అతని తమ్ముడు బీరన్న అప్పటికే రోడ్డు దాటారు. పర్వతాలు భార్య బీరమ్మ ఈనిన గొర్రెను తోలుతూ చివరన వస్తోంది. రజాక్ బ్రేకు మీద నిలబడినంత బలంగా తొక్కాడు.

వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. బరువు లేని వెనకభాగం జారి పక్కకు తిరిగింది. ముందు చక్రాలు ఏమీ తెలియనట్టు దొర్లుతూనే ఉన్నాయి. లారీ అడ్డంగా మంద మీదికి పోయింది. ఎముకలు విరిగే చప్పుడు మక్సూద్ కాళ్ల కిందినుంచి వినిపించింది. లారీ తోక బీరమ్మను కల్వర్టు గోడకేసి కొట్టి ఆగింది. ఆమె అరవనైనా లేదు. నడుము పైభాగం గోడ మీదికి వాలిపోయింది.

లారీ తలుపు ఊడిపోవడంతో మక్సూద్ కల్వర్టు కింది కాలువలో పడ్డాడు. లేచి చూసేసరికి బీరన్న రజాక్‌ను జుట్టు పట్టి కిందికి లాగాడు. పర్వతాలు చేతికర్ర అతని నోటి మీద పడింది.

"తాగి తోల్తవా రా, లుచ్చా!"

"తాగలేదన్నా, అల్లా కసమ్... బండి ఆగలే..." పళ్లతో పాటు రక్తం ఉమ్మాడు రజాక్.

రెండో దెబ్బ భుజం మీద. మూడోది మోకాలు మీద. కాలు వెనక్కి మడతపడింది. మక్సూద్ వైపు ఎవరూ చూడలేదు. మసి బట్టలు చూసి క్లీనరనుకున్నారు. రజాక్ మాత్రం ఒకసారి చూశాడు. చూసి, పేరు చెప్పకుండా తల తిప్పుకున్నాడు. మక్సూద్ కాలువలోనే నిలబడ్డాడు.

బీరన్న కల్వర్టు నుంచి ఊడిన రాయిని రెండు చేతులతో రజాక్ తల మీదికి ఎత్తాడు.

"కొట్టకున్రి! బ్రేకులు తీసింది నేను!" అని మక్సూద్ అరిచాడు.

రాయి గాలిలోనే ఆగింది. పర్వతాలు తిరిగాడు.

"ఏం తీసినవ్?"

"ముందు బ్రేకులు... పొద్దుగాల..."

"చెడిపోయినయా?"

"ఒక పక్కనే. గుంజుతాందని రెండు పక్కల తీసిన. అందరు తీపిస్తరు."

"కావాలని తీసినవా?"

వెనక రెండు లారీలు ఆగి ఉన్నాయి. ఆ రెండింటికీ మక్సూదే తీశాడు. వాటి డ్రైవర్లు కిందికి దిగలేదు.

బీరన్న రాయిని పక్కకు పడేశాడు. అటుగా వచ్చిన ట్రాక్టరు మనిషి రజాక్‌ను ట్రాలీలోకి ఎత్తుకుంటే ఎవరూ ఆపలేదు. ఊపిరి ఉంది. ట్రాక్టరు హుజూర్‌నగర్ దవాఖానకు మళ్లింది.

పర్వతాలు మక్సూద్ మెడ పట్టి గోడ దగ్గరికి ఈడ్చుకుపోయాడు. బీరమ్మ ముఖానికి జానెడు దూరంలో కూలదోశాడు. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి.

"నాకెందుకు చెప్తవ్? దానికి చెప్పు."

"అమ్మా..." అన్నాడు మక్సూద్. కర్ర వీపు మీద పడింది.

"చెప్పు."

చెప్పాడు. లైనింగులు నానిపోవడం, రెండు రోజుల సంగతి, గొట్టం మూసిన విధం, ఖాళీ బండితో చూడకపోవడం. అయిపోయింది. కర్ర పడింది, పక్కటెముక విరిగింది.

"మల్ల చెప్పు."

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. పోలీసు జీపు వచ్చేదాకా, ఆగిన ప్రతిసారీ దెబ్బ పడుతుండగా, ఆమెకే చెబుతూ ఉన్నాడు.